జనాభా లెక్కలు, ఎన్నికల లెక్కలు: ఆధారాలు వెదకడమెట్లు?

కొన్ని సంవత్సరాల క్రిందట మా కళాశాలలో విద్యార్థులచేత ఒక చిన్న ప్రదర్శన ఏర్పాటు చేయించాము. జనాభా, ఓటర్లు, నియోజకవర్గాలు, అక్షరాస్యత మొదలైన విషయాలపై వారే పటాలు గీసి గోడలకు తగిలించాలి. నేను భౌతికశాస్త్రం బోధించేవాడిని. అంకెల విషయం కాబట్టి సరిచూచే పనిని నాకు అప్పగించారు.

తెలంగాణ జనాభాను గురించి ఇద్దరు రెండు పటాలు తెచ్చారు. ఒకదానిలో 3,51,93,978 అని ఉన్నది. రెండవదానిలో 3,50,03,674 అని ఉన్నది. రెండింటి క్రిందా "2011 జనాభా లెక్కలు" అనే ఆధారం వ్రాసి ఉన్నది. నా దగ్గర ఉన్న పుస్తకంలో మొదటి అంకె కనిపించింది. రెండవ పటాన్ని ఎర్రసిరాతో కొట్టివేశాను. ఆ పటం ప్రదర్శనకు ఎక్కలేదు.

వారం దినాల తరువాత ఆ విద్యార్థిని ఒక ప్రభుత్వ ప్రచురణ ప్రతిని తెచ్చి నా బల్లమీద పెట్టి, "సార్, ఇది కూడా లెక్కలవారి అంకెయే" అన్నది. చూచాను. ఆమె వ్రాసిన అంకె అందులో ఉన్నది. మరి ఒకే రాష్ట్రానికి, ఒకే సంవత్సరంలో, ఒకే లెక్కలలో రెండు జనాభాలు ఎట్లు ఉంటాయి?

ఉంటాయి. 2011లో లెక్కలు తీసిననాడు తెలంగాణ రాష్ట్రం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,45,80,777. ఇందులో తెలంగాణలోని పది జిల్లాలవారిని కూడితే మొదటి అంకె వస్తుంది. 2014లో రాష్ట్ర విభజన జరిగింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని కుకునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు, భద్రాచలం గ్రామం మినహా భద్రాచలం మండలం, బూర్గంపహాడ్ మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. ఆ ప్రాంతాల జనాభాను తీసివేస్తే రెండవ అంకె వస్తుంది. రెండింటికీ భేదం 1,90,304. ఆంధ్రప్రదేశ్ వైపు చూస్తే 4,93,86,799 అనే అంకె సరిగా అంతే పెరిగి 4,95,77,103 అయినది. రెండు అంకెలూ నిజమే. ప్రశ్న అడగకుండా గీత గీసిన నాదే తప్పు.

ఆ తప్పును దిద్దుకొనే ప్రయత్నంలో నేర్చుకొన్న విషయాలను తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అంకెను అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఒక విద్యార్థి కర్ర పొడవు "5" అని వ్రాస్తే మనం మార్కులు వేయము. 5 ఏమిటి? సెంటీమీటర్లా, మీటర్లా అని అడుగుతాము. ప్రమాణం లేని కొలత కొలతే కాదు. ఇదే నియమం సాంఘిక శాస్త్రాలకూ వర్తిస్తుంది. జనాభాను గురించిగాని, ఓట్లను గురించిగాని ఒక అంకె కనిపించినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: ఎవరు, ఎట్లు లెక్కించారు? తలలు లెక్కించారా, కొందరిని చూచి అంచనా కట్టారా? రెండవది: ఏ తేదీ నాటి అంకె? మూడవది: ఏ సరిహద్దులకు? నాలుగవది: ఏ నిర్వచనం ప్రకారం?

నా ఇద్దరు విద్యార్థులకూ మూడవ ప్రశ్న వద్దనే తేడా వచ్చింది. నాలుగవ ప్రశ్నకు హైదరాబాదు మంచి ఉదాహరణ. 2011లో హైదరాబాదు జిల్లా జనాభా 39,43,323. మహానగరపాలక సంస్థ పరిధిలోనివారు 67 లక్షలకు పైగా ఉన్నారు. చుట్టుప్రక్కల ప్రాంతాలను కూడా కలిపిన పట్టణ సముదాయంలో 76 లక్షలకు పైగా ఉన్నారు. "హైదరాబాదు జనాభా ఎంత?" అని పరీక్షలో అడిగే ఉపాధ్యాయుడు ఏ హైదరాబాదో ముందు తాను తేల్చుకోవలసి ఉంటుంది.

ఇక అంకెలు పుట్టే చోట్లను ఒక్కొక్కటిగా చూతము.

జనగణన

మన దేశమంతటా ఒకే కాలంలో జనాభా లెక్కలు మొదటిసారి తీసినది 1881లో. అంతకు ముందు 1872 ప్రాంతంలో జరిగిన లెక్కలు అన్నిచోట్లా ఒకే సమయంలో తీసినవి కావు. 1881 మొదలుకొని 2011 వరకు పదేండ్లకొకసారి తప్పకుండా జరిగినవి. 2021లో జరగవలసినవి కోవిడ్ కారణంగా వాయిదా పడినవి. 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా తీసుకొని తరువాతి గణన జరుగుతుందని 2025 జూన్ 16న కేంద్రప్రభుత్వం ప్రకటించింది. ఈ రెండు గణనల నడుమ ఏ సంవత్సరానికైనా జనాభా ఇంత అని చెబితే అది అంచనాయే. 2023లో భారత జనాభా చైనాను మించినదని ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం చెప్పినది కూడా ఈ విధమైన అంచనాయే. అంచనా చెడ్డది కాదు. దానిని గణన అని చెప్పడమే తప్పు.

2011 లెక్కలకు ప్రాతిపదిక ఆ సంవత్సరం మార్చి 1వ తేదీ మొదటి క్షణం. ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇంటింటికీ తిరిగి వ్రాసుకొన్నారు. మార్చి 1 నుంచి 5 వరకు మళ్ళీ తిరిగి, ఆ నడుమ జరిగిన జననాలను, మరణాలను సరిచేశారు. ఈ పని చేసినవారిలో ఎక్కువమంది ఉపాధ్యాయులే. ఈ వ్యాసం చదివేవారిలో కొందరు ఆ కాగితాలు మోసినవారై ఉంటారు. మనం గ్రంథాలయంలో వెదికే అంకె ఒకప్పుడు మన చేతులమీదుగానే వెళ్ళి ఉండవచ్చును.

ఫలితాలు ఒక్కసారిగా రావు. మొదట తాత్కాలిక అంకెలు, తరువాత తుది అంకెలు వెలువడుతాయి. 2011 మార్చి 31న ప్రకటించిన దేశ జనాభా 121,01,93,422. తుది అంకె 121,08,54,977. పాత వార్తాపత్రికలో చూచి వ్రాసినవారికి ఒకటి, నివేదికలో చూచి వ్రాసినవారికి మరొకటి దొరుకుతుంది. తుది అంకె ఉన్నప్పుడు తాత్కాలిక అంకెను వాడరాదు.

పట్టికల అడుగున చిన్న అక్షరాలలో ఉండే గమనికలను కూడా విడువరాదు. 2001లో దేశ జనాభా 102,86,10,328 అని ఒకచోట, 102,87,37,436 అని మరొకచోట కనిపిస్తుంది. మణిపూర్‌లోని సేనాపతి జిల్లాకు చెందిన మూడు ఉపవిభాగాలలో ఆ యేటి ఫలితాలు రద్దయినవి. వాటికి అంచనాగా కట్టిన 1,27,108 మందిని చేర్చితే రెండవ అంకె, చేర్చకపోతే మొదటి అంకె వస్తుంది. ఇట్లే 1981లో అస్సాంలోను, 1991లో జమ్మూ కాశ్మీర్‌లోను గణన జరగలేదు. ఆయా సంవత్సరాలకు ఆ రాష్ట్రాలకు చూపే అంకెలు అంచనాలు.

గణన ప్రచురణలలో ఉపాధ్యాయులకు మిక్కిలి ఉపయోగపడేవి రెండు. ప్రాథమిక గణన సారాంశంలో ప్రతి గ్రామానికీ, పట్టణంలోని ప్రతి వార్డుకూ ఇండ్లు, స్త్రీ పురుషులు, ఏడేండ్లలోపు పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, అక్షరాస్యులు, పనిచేసేవారు ఎందరో ఉంటుంది. రెండవది జిల్లా గణన దీపిక. 1951 లెక్కల నుంచి జిల్లాకొకటి చొప్పున దీనిని ప్రచురిస్తున్నారు. గ్రామంలో బడి ఉన్నదా, ఆసుపత్రి ఉన్నదా, తాగునీరు ఎక్కడిది అనే వివరాలు కూడా ఇందులో దొరుకుతాయి. పాతవాటి ప్రతులను పెద్ద గ్రంథాలయాలలో చూడవచ్చును. చాలా సంపుటాలను జనగణన శాఖ తన వెబ్‌సైటులో కూడా ఉంచింది.

ఇంత పెద్ద గణనలో తప్పులు ఉండవా? ఉంటాయి. ఎంత తప్పిపోయినదో కూడా ఆ శాఖవారే కొలుస్తారు. గణన ముగిసిన తరువాత కొన్ని ప్రాంతాలలో మళ్ళీ లెక్కించి సరిపోలుస్తారు. 2011లో వేయిమందికి నికరంగా 23 మంది లెక్కకు అందలేదని ఆ పరీక్షలో తేలింది. తన కొలతలో దోషం ఎంతో చెప్పే శాస్త్రజ్ఞుణ్ణి మనం నమ్ముతాము. మూలాధారాలకూ ఇదే పరీక్ష.

జననాలు, మరణాలు

పదేండ్లకొకసారి తీసే లెక్క ఛాయాచిత్రం వంటిది. నడుమ జరిగే మార్పు దానిలో కనిపించదు. ఉదాహరణకు 1911లో దేశ జనాభా 25,20,93,390. 1921లో 25,13,21,213. పదేండ్లలో పెరగవలసిన జనాభా తగ్గినది. కారణం గణన పట్టికలో ఉండదు. మరణాల నమోదు పుస్తకాలు తెరిస్తే 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కనిపిస్తుంది.

1969 నాటి చట్టం ప్రకారం ప్రతి జననాన్నీ, ప్రతి మరణాన్నీ నమోదు చేయించవలెను. అయితే అందరూ చేయించరు. అందుచేత మాదిరి నమోదు పద్ధతి అనే మరొక ఏర్పాటు 1969-70 నుంచి దేశమంతటా నడుస్తున్నది. ఎంపిక చేసిన గ్రామాలలో, పట్టణ వాడలలో స్థానికుడైన ఒక వ్యక్తి, చాలాచోట్ల ఉపాధ్యాయుడో అంగన్‌వాడీ కార్యకర్తో, జననాలను, మరణాలను ఎప్పటికప్పుడు వ్రాస్తాడు. ఆరు నెలలకొకసారి వేరొక అధికారి వచ్చి, ఆ పుస్తకం చూడకుండా, ఇంటింటా అడిగి తాను వేరుగా వ్రాస్తాడు. తరువాత రెండు జాబితాలనూ సరిపోలుస్తారు. ఒకదానిలో ఉండి రెండవదానిలో లేనివాటిని మళ్ళీ వెళ్ళి విచారిస్తారు.

రెండు జాబితాలు ఎందుకు? ఒక చిన్న లెక్క చూడండి. మొదటివారు 90 జననాలు వ్రాశారు. రెండవవారు 80 వ్రాశారు. రెండింటిలోనూ ఉన్నవి 72. రెండవవారు కనిపెట్టిన 80లో 72 మొదటివారికి దొరికినవి, అనగా నూటికి 90. కాబట్టి మొదటివారు మొత్తం జననాలలో నూటికి 90 పట్టుకోగలరన్నమాట. వారు పట్టుకొన్నవి 90 అయితే అసలు జననాలు 100. ఇద్దరూ ఒకరి పుస్తకం మరొకరు చూడకుండా పనిచేస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. ఇద్దరికీ కనిపించని జననాలను సైతం అంచనా కట్టగల ఈ గణితాన్ని సి. చంద్రశేఖరన్, డెమింగ్ అనే ఇద్దరు 1949లో ప్రకటించారు. విద్యార్థులు మొదటిసారి విన్నప్పుడు దీనిని గారడీ అనుకొంటారు. నిజానికి ఎనిమిదో తరగతి అనుపాతమే.

ఒక్క మెతుకు

అన్నం ఉడికినదో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలునంటారు. సర్వేలన్నీ ఈ నమ్మకం మీదనే నడుస్తాయి. కాని వండేవారికి తెలిసిన ఒక షరతు ఉన్నది. అడుగునా పైనా అన్నం ఒకే విధంగా ఉడికి ఉండాలి, లేదా గరిటె పెట్టి అన్నివైపులనుంచీ తీసి చూడాలి. సర్వేలో ఆ గరిటె పని చేసేది ఎంపిక విధానం. నివేదికలో దానిని వివరించే అధ్యాయాన్ని ముందు చదువవలెను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైనది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ దానిని నడిపింది. 2019-21లో జరిగిన ఐదవ సర్వేలో సుమారు 6 లక్షల 37 వేల కుటుంబాలను చూచారు. వేయిమంది పురుషులకు 1,020 మంది స్త్రీలున్నట్లు అందులో వచ్చింది. 2011 గణనలో ఆ అంకె 943. పదేండ్లలో స్త్రీలు పురుషులను మించిపోయారని 2021 నవంబరులో పెద్ద అక్షరాలతో వార్తలు వచ్చినవి.

ఇక్కడ మన నాలుగవ ప్రశ్న వేయవలెను. ఆ సర్వే లెక్కించినది, ఎంపికైన ఇండ్లలో ముందురోజు రాత్రి నిద్రించినవారిని. పనులకోసం దూరదేశాలలో గుడారాలలో ఉండేవారు, సైనిక నివాసాలలో, వసతిగృహాలలో, కారాగారాలలో ఉండేవారు ఆ ఇండ్లలో ఉండరు. వారిలో పురుషులు ఎక్కువ. పైగా ఆ సర్వే ముఖ్యోద్దేశం పిల్లల ఆరోగ్యం, కాన్పులు, పోషణ మొదలైనవాటిని కనుక్కోవడం. దేశంలోని స్త్రీ పురుషుల నిష్పత్తిని తేల్చడం కాదు. తక్కెడ మంచిదే. దానితో పొడవు కొలవబోయినవారిదే పొరపాటు.

ఎన్నికల నివేదికలు

రాజనీతి శాస్త్రంలో అంకెలకు పెద్ద గని ఎన్నికల సంఘం. ఆ సంఘం 1950 జనవరి 25న ఏర్పడినది. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికల నుంచి ప్రతి లోక్‌సభ ఎన్నికకూ, శాసనసభ ఎన్నికకూ గణాంక నివేదికలున్నవి. నియోజకవర్గాలవారీగా ఓటర్లు, పోలైన ఓట్లు, అభ్యర్థులు, వారికి వచ్చిన ఓట్లు అందులో ఉంటాయి.

ఇక్కడ కూడా ఒక గుంట ఉన్నది. మొదటి ఎన్నికలలో లోక్‌సభ స్థానాలు 489. నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 314 నియోజకవర్గాలు ఒక్కొక్క సభ్యుణ్ణి, 86 ఇద్దరేసి సభ్యులను, ఒకటి ముగ్గురు సభ్యులను ఎన్నుకొన్నవి. ఇద్దరు సభ్యులున్న చోట ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. ఈ సంగతి తెలియక ఓట్లను ఓటర్ల సంఖ్యతో భాగిస్తే, నూటికి నూటపదిమంది ఓటు వేసినట్లు వచ్చినా రావచ్చును. 1961 నాటి చట్టంతో ఈ ద్విసభ్య స్థానాలు పోయినవి. 1957 వరకు, ఆ తరువాత పోలింగు శాతాలను పోల్చేవారు దీనిని గుర్తుంచుకోవలెను.

అంకెలే కాదు, వాటి వెనుకనున్న మనుషులు కూడా మూలాధారంలోనే కనిపిస్తారు. మొదటి ఎన్నికల నివేదికలో, అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కాలంనాటి ఒక వివరం ఉన్నది. తమ పేరు చెప్పక "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని వ్రాయించుకొన్న సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు జాబితాలో లేకుండా పోయినవి. అప్పుడు దేశంలో స్త్రీ ఓటర్లు సుమారు 8 కోట్లు. ఓటర్ల మొత్తాన్ని మాత్రమే కాపీ చేసుకొన్నవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

ఓటర్ల అభిప్రాయాలు, ఎవరు ఎందుకు ఓటు వేశారన్నది ఈ నివేదికలలో ఉండదు. దానికి ఢిల్లీలోని సి.ఎస్.డి.ఎస్. సంస్థ 1967 నుంచి నడిపిన జాతీయ ఎన్నికల అధ్యయనాల వంటి సర్వేలను చూడవలెను. వాటికీ మెతుకు నియమం వర్తిస్తుంది.

రెండు లెక్కలూ కలిసేచోట

జనాభా అంకె రాజకీయంలో ఎంత పని చేస్తుందో నియోజకవర్గాల విషయంలో చూడవచ్చును. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలన్నది జనాభాను బట్టి నిర్ణయించాలని రాజ్యాంగం చెప్పింది. కాని 1976లో 42వ సవరణ ఆ సంఖ్యను 1971 లెక్కల దగ్గర నిలిపింది. కుటుంబ నియంత్రణలో ముందున్న రాష్ట్రాలు స్థానాలు పోగొట్టుకోరాదన్నది అందులోని ఉద్దేశం. 2002లో అమలులోకి వచ్చిన 84వ సవరణ, 2026 తరువాత జరిగే మొదటి గణన వరకు ఆ నిలుపుదలను పొడిగించింది. రాష్ట్రంలోపలి సరిహద్దులకు మాత్రం 2003 నాటి 87వ సవరణ ప్రకారం 2001 లెక్కలను తీసుకొన్నారు. ఆ సరిహద్దులు 2008 ఉత్తర్వులో ఉన్నవి. అంటే ఒకే ఏర్పాటులో స్థానాల సంఖ్యకు 1971 అంకె, హద్దులకు 2001 అంకె ఆధారమైనవి. ఈ విషయంపై వాదించే ఇరుపక్షాలవారి అంకెలనూ ముందు ఏ సంవత్సరానివని అడుగవలెను.

ఉమ్మడి రాష్ట్రంలోని 42 స్థానాలలో 2014లో ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17 వచ్చినవి. 2011 జనాభాను బట్టి ఒక్కొక్క స్థానానికి సగటున ఎందరు? ఇక్కడ నా విద్యార్థుల రెండు అంకెలూ పనికివస్తాయి. బదిలీ అయిన గ్రామాలవారు 2014 ఎన్నికలలో తెలంగాణ నియోజకవర్గాలలో ఓటు వేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్ నియోజకవర్గాలలో వేశారు. కాబట్టి 2014కు మొదటి అంకెను, 2019కి రెండవ అంకెను తీసుకోవలెను. తెలంగాణలో మొదటి లెక్కకు సుమారు 20.7 లక్షలు, రెండవ లెక్కకు 20.6 లక్షలు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 19.8 లక్షలు, ఆ గ్రామాలు చేరినా దశాంశం కదలదు. సగటులో భేదం స్వల్పమే. ఆ 1,90,304 మందికి మాత్రం అది తమ రాష్ట్రం మారిన సంగతి.

నియోజకవర్గ జనాభాను గణన పట్టికలో సూటిగా వెదికితే దొరకదు. గణనకు జిల్లాలు, మండలాలు, గ్రామాలు హద్దులు. 2008 ఉత్తర్వులో ఏ నియోజకవర్గంలో ఏ మండలాలున్నవో చూచుకొని, ఆ మండలాల జనాభాను కూడుకోవలెను. జిల్లాలను పోల్చేటప్పుడూ ఇదే పద్ధతి. తెలంగాణలోని పది జిల్లాలు 2016 అక్టోబరులో 31, 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయినవి. 2011 నాటి వరంగల్ జిల్లా, ఆ తరువాతి వరంగల్ జిల్లా పేరులో మాత్రమే ఒకటి. పేరును కాదు, గ్రామాల జాబితాను నమ్మవలెను.

విద్యార్థులకొక పని

ఉపాధ్యాయులు తరగతిలో ఈ పని చేయించవచ్చును. ప్రతి విద్యార్థీ తన మండలాన్ని తీసుకొని 2001, 2011 గణనలలో దాని జనాభా, ఏడేండ్లలోపు పిల్లలు, అక్షరాస్యుల సంఖ్యలను జిల్లా గణన దీపిక నుంచి వ్రాసుకోవలెను. అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు ఏడేండ్లలోపువారిని మొత్తం జనాభానుంచి తీసివేయవలెను. 1991 నుంచి ఏడేండ్లు నిండినవారినే లెక్కకు తీసుకొంటున్నారు. మండలం ఏ శాసనసభ నియోజకవర్గంలో ఉన్నదో చూచి, ఎన్నికల నివేదికనుంచి ఓటర్ల సంఖ్య వ్రాయవలెను. నడుమ ఏ గ్రామమైనా మండలం మారినదేమో ఊరి పెద్దలను, రెవెన్యూ కార్యాలయంవారిని అడుగవలెను. ప్రతి అంకె ప్రక్కనా పుస్తకం పేరు, సంవత్సరం, పట్టిక సంఖ్య, పుట సంఖ్య వ్రాయాలి. ఆ నాలుగూ లేని అంకెకు మార్కులు లేవని ముందే చెప్పవచ్చును.

వార్తాపత్రికలు, పోటీపరీక్షల పుస్తకాలు, ఇంటర్నెట్టులో దొరికే పట్టికలు దారి చూపడానికి మంచివి. వాటిని పట్టుకొని మూలంవరకు నడవవలెను. మధ్యలో ఆగిపోతే మరొకరి పొరపాటు మన చేతివ్రాతతో ముందుకు పోతుంది.

మరుసటి యేడు మా ప్రదర్శనలో ఆ విద్యార్థిని పటాన్ని మొదటి గోడమీదనే తగిలించాము. రెండు అంకెలూ ఉన్నవి. వాటి నడుమ 1,90,304 అని వ్రాసి, ఆ మండలాల పేర్లు ఒక్కొక్కటే క్రింద వ్రాసింది. నా ఎర్రసిరా గీత కూడా ఆ కాగితంమీద అట్లే ఉన్నది. దానిని తుడిపివేయవద్దని నేనే చెప్పాను.